అప్‌డేట్ కొట్టినాక ఫోన్ కాలిపోతాందా, ఉన్నట్టుండి ఆఫ్ అయితాందా? వరసగా ఏం చేయాలో చెప్తా

పోయిన మే నెల, మధ్యాన్నం రెండున్నర, కడపలో బయటికి అడుగు పెట్టేదానికే భయపడే టైము, ప్రొద్దుటూరు నుంచి మా బావ వేరేవాళ్ళ ఫోన్లోంచి చేసినాడు. "ఏమబ్బీ, రాత్రి ఏదో అప్‌డేట్ అని వచ్చింది, సరే అని నొక్కినా, పొద్దున్నుంచి ఫోను పెనం మాదిరి కాలిపోతాంది, గిరాకీ వచ్చి డబ్బులు వేసినాడా లేదా చూద్దామని తెరిస్తే 34 పర్సెంట్ ఉండంగానే ఆఫ్ అయిపోతాంది" అని. ఆయనది బట్టల అంగడి, ఫోన్ ఆగిందంటే గల్లా ఆగినట్టే. అప్పటికే పక్క సందులో ఒక రిపేరు అంగట్లో చూపిచ్చినాడంట, వాడు ఫోన్ చేతిలోకి కూడా సరిగ్గా తీసుకోకుండా "సాఫ్ట్‌వేర్ పోయింది సార్, ఫ్లాష్ కొట్టాల, 800 అయితాది, డేటా గ్యారెంటీ లేదు" అన్నాడంట. బావా నువ్వు ఏం కొట్టియ్యొద్దు, సాయంత్రం నేనొస్తా అని చెప్పినా.

ఆ రోజు నుంచి చుట్టాలు, స్నేహితులు కలిపి ఇట్లాంటివి చాలానే చూసినా. నాకు తెలిసొచ్చింది ఏందంటే ఫోన్ వేడెక్కడం ఒక రోగం, ఆఫ్ అవడం ఇంకో రోగం. రెండూ అప్‌డేట్ తర్వాతే బయటపడతాయి కాబట్టి మనం రెండిటికీ అప్‌డేట్‌నే తిడతాం, కానీ మందు వేరే వేరే. ఏ రోగమో తేలకుండా ఫ్లాష్ కొట్టిస్తే, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కిస్తే, డబ్బులూ పోతాయి, పెళ్ళి ఫోటోలూ పోతాయి.

ఇప్పుడే కాలిపోతా ఉంటే ముందు ఇది చేయండి

ఛార్జింగ్‌లో ఉంటే పీకేయండి. వెనక పౌచ్ తీసేయండి, ఆ లావు రబ్బరు పౌచ్‌లు ఫోన్‌కి స్వెట్టర్ వేసినట్టే. డేటా ఆపండి, లేదంటే ఏకంగా ఫ్లైట్ మోడ్ వేయండి. తర్వాత ఇంట్లో నీడలో ఉండే కడప బండ మీద ఫోన్ పెట్టండి, తమాషాకి చెప్పడం లేదు, వంటింట్లో గట్టు మీద బండ ఉంటాది కదా, పొయ్యికి దూరంగా ఉండే చివర, అది వేడిని మెల్లగా లాగేస్తాది, పైన ఫ్యాన్ గాలి తగిలితే పది పదిహేను నిమిషాల్లో ఫోన్ మామూలు అయితాది. మిద్దె పైన బండల మీద మాత్రం పెట్టొద్దు, అవి సాయంత్రం ఏడైనా సెగలు కక్కతానే ఉంటాయి.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మా అత్త కొడుకు ఒకడు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి తీసినాడు, చల్లటి ఫోన్‌కి బయటి గాలి తగిలి లోపల నీళ్ళు పట్టినాయి, కెమెరా అద్దం లోపల ఇప్పటికీ మంచు పట్టినట్టే ఉండాది. తడి గుడ్డ చుట్టడం, కడవ మూత మీద పెట్టడం కూడా వద్దు.

అట్లే ఫోన్ ఉబ్బిందేమో చూడండి. బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి, బొంగరం మాదిరి తిరిగితే, లేదా స్క్రీన్ అంచు ఒకపక్క లేచి లోపల వెలుతురు కనపడితే బ్యాటరీ ఉబ్బినట్టు. అప్పుడు ఈ కింద రాసినవేవీ మీకు పనికిరావు, ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, ఆఫ్ చేసి నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకపోండి.

డేటా కాపాడుకోండి, అదీ తెల్లారుజామున

ఏ రిపేరుకైనా ముందు బ్యాకప్. ఫోటోలు, కాంటాక్టులు, వాట్సాప్. ఇక్కడ ఒక చిక్కు ఉండాది, బ్యాకప్ చేసేదే ఫోన్‌ని బాగా వేడెక్కిచ్చే పని, అందుకని పగటిపూట మొదలుపెడితే సగంలో ఆఫ్ అయి కూర్చుంటాది. పొద్దున నాలుగు, ఐదు గంటలకి, వైఫై మీద, పౌచ్ తీసి, ఫ్యాన్ కింద పెట్టి చేయండి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచిత జాగాలోనే లెక్క, జాగా నిండిపోయి ఉంటే బ్యాకప్ ఆగిపోతాది, మనం అయిపోయింది అనుకుంటాం. చివరి బ్యాకప్ ఏ తేదీదో ఒకసారి కంటితో చూసుకోండి.

ఇంకోటి, గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్. మన పక్క సగం ఫోన్లల్లో అకౌంట్ చేసి ఇచ్చింది సెల్ అంగట్లో పిల్లోడు, పాస్‌వర్డ్ వానికీ గుర్తుండదు, మనకీ తెలీదు. రేపు రీసెట్ కొడితే ఫోన్ ఆ పాత అకౌంట్‌నే అడుగుతాది, చెప్పలేకపోతే ఫోన్ ఇటుకరాయితో సమానం. ఇప్పుడే, ఫోన్ పని చేస్తా ఉండంగానే, పాస్‌వర్డ్ మార్చి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఒక పూట రాసుకోండి

ఎవరూ చేయని పని ఇది, కానీ సగం జబ్బు ఇక్కడే దొరుకుతాది. వేడెక్కినప్పుడల్లా నాలుగు ముక్కలు రాయండి: టైమెంత, ఏ యాప్ తెరిచి ఉండాది, పర్సెంట్ ఎంత, ఛార్జింగ్‌లో ఉందా లేదా. ఆఫ్ అయితే, దానంతట అదే మళ్ళీ ఆన్ అయిందా లేక మనం పవర్ బటన్ నొక్కితే వచ్చిందా అనేది కూడా.

చెయ్యి పెట్టి ఎక్కడ కాలతాందో చూడండి. పైన కెమెరా పక్కన అయితే సాధారణంగా ప్రాసెసర్, అంటే ఏదో యాప్ గానీ సిగ్నల్ గానీ దాన్ని పరిగెత్తిస్తాంది. నడుమ గానీ కింద గానీ అయితే బ్యాటరీ పక్క అనుమానం. ఛార్జింగ్ పెట్టే బొక్క దగ్గర మాత్రమే అయితే కేబుల్ లూజు, లేదా లోపల దుమ్ము. మన ఎర్రమట్టి దుమ్ము ఎట్ల పోయి కూర్చుంటాదో మీకు చెప్పాల్నా, ఫోన్ ఆఫ్ చేసి ఎండు చెక్క పుల్లతో మెల్లగా తీయండి, సూది వద్దు.

రెండు రోజులు ఓపిక పట్టండి

పెద్ద అప్‌డేట్ అయినాక ఫోన్ స్క్రీన్ మీద "అయిపోయింది" అంటాది గానీ లోపల పని అప్పుడే మొదలయితాది. ఉన్న యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు మళ్ళీ తయారు చేసుకుంటాది, గ్యాలరీలో వేల ఫోటోలని మళ్ళీ వెతికి లెక్క రాసుకుంటాది, ప్లే స్టోర్ పక్కనుంచి యాప్‌లకి అప్‌డేట్లు దించతా ఉంటాది. ఇల్లు మారిన రోజు మాదిరి, సామాన్లు దించినంత మాత్రాన అయిపోదు, సర్దాల. ఈ సర్దుడు ఒకటి రెండు రోజులు పడతాది, అన్ని రోజులూ వేడి, ఛార్జ్ తొందరగా దిగడం మామూలే. ఆపిల్ వాళ్ళు కూడా అప్‌డేట్ తర్వాత కొన్నాళ్ళు ఇట్ల ఉంటాదని వాళ్ళే చెప్తారు.

ఆ పని తొందరగా ముగియాలంటే రాత్రిపూట ఛార్జర్, వైఫై రెండూ ఇచ్చి ఫోన్‌ని ముట్టుకోకుండా వదిలేయండి. పరుపు మీద, దిండు కింద కాదు, బండ మీద. ఆండ్రాయిడ్ ఆ యాప్‌ల పని చేసుకునేది ఎక్కువగా ఫోన్ ఖాళీగా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే. మనోళ్ళు ఏం చేస్తారంటే పగలంతా రీల్స్ చూస్తారు, రాత్రి పది పర్సెంట్‌తో పక్కన పడేస్తారు, దానికి పని చేసుకునే సందే దొరకదు, వారం రోజులు అట్లే ఏడుస్తాది. ఒకసారి రీస్టార్ట్ చేయండి, యాప్‌లన్నీ అప్‌డేట్ చేయండి, పది జీబీ అయినా జాగా ఖాళీ చేయండి. గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తేనే ఐదు జీబీ వస్తాది, చూసుకోండి.

మన ఎండని లెక్కలో వేసుకోండి

ఈ మాట అమెరికాలో తీసిన వీడియోల్లో ఎవడూ చెప్పడు. ఐఫోన్ వాడేదానికి ఆపిల్ రాసిచ్చిన చుట్టుపక్కల వేడి 0 నుంచి 35 డిగ్రీలు. మన కడపలో ఏప్రిల్, మే అంటే 40 దాటడం రోజూ ఉండేదే, అంటే ఫోన్ జేబులో ఊరికే ఉన్నా హద్దు దాటిపోయినట్టే. లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ కూడా మామూలుగా 45 డిగ్రీల లోపలే ఎక్కియ్యాల, బ్యాటరీ అంత వేడయితే ఫోనే ఛార్జింగ్ మెల్లగా చేస్తాది లేదా ఆపేస్తాది. స్క్రీన్ డిమ్ అవడం, కెమెరా ఫ్లాష్ పని చేయకపోవడం, "ఫోన్ చల్లబడాల" అని మెసేజ్ రావడం, ఇవన్నీ ఫోన్ తన్ను తాను కాపాడుకునేదానికి చేసే పనులు, చెడిపోయినట్టు కాదు.

అందుకని ఫోన్‌ని తిట్టే ముందు అది యాడుందో చూడండి. పులివెందుల దాకా బండి హ్యాండిల్‌కి తగిలిచ్చి మ్యాప్ పెట్టుకోని పోతే పైన ఎండ, లోపల జీపీఎస్, ఫుల్ బ్రైట్‌నెస్, మూడూ కలిస్తే కొత్త ఫోన్ కూడా మూర్ఛపోతాది. కారు డ్యాష్‌బోర్డు, రేకుల షెడ్డు కూడా అంతే. నీడలో, ఫ్యాన్ కింద, పొద్దున పూట కూడా ఇదే వరస అయితే అప్పుడు కింద చెప్పేవి చూద్దాం.

తినేసే యాప్‌ని పట్టుకోండి

సెట్టింగ్స్‌లో బ్యాటరీ లోపలికి పోతే ఏ యాప్ ఎంత తినిందో వరసగా ఉంటాది. మీరు రెండు గంటలు వాడిన యాప్ పైన ఉంటే తప్పు లేదు. మీరు తెరవనే లేదు, కానీ 25 పర్సెంట్ తినింది అంటే అదే దొంగ. దాన్ని అప్‌డేట్ చేయండి, తగ్గకపోతే వెనక నడవకుండా బ్యాక్‌గ్రౌండ్ ఆపండి, అదీ కాకపోతే తీసేసి మళ్ళీ వేసుకోండి.

ఏ యాపో తేలకపోతే సేఫ్ మోడ్ ఉండాది. చాలా ఆండ్రాయిడ్‌లల్లో పవర్ బటన్ పట్టుకుంటే వచ్చే "పవర్ ఆఫ్" బొమ్మని అట్లే నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతాది. అందులో కంపెనీ యాప్‌లు తప్ప మనం వేసుకున్నవేవీ నడవవు. సేఫ్ మోడ్‌లో రెండు మూడు గంటలు చల్లగా ఉంటే తప్పు మన యాప్‌లదే, ఈ మధ్య వేసినవి ఒక్కొక్కటే తీసేస్తా రండి. సేఫ్ మోడ్‌లో కూడా కాలతా ఉంటే సిస్టమ్‌దో, బ్యాటరీదో. మామూలుగా రీస్టార్ట్ చేస్తే సేఫ్ మోడ్ పోతాది, భయపడొద్దు.

ఫోన్ చల్లబరుస్తాం, ర్యామ్ కడుగుతాం అని వచ్చే యాప్‌లు ఉంటే మొదలు వాటినే తీసేయండి. యాప్ వేసి ఫోన్‌ని చల్లబరచడం అంటే పొయ్యి ఇంకోటి ముట్టిచ్చి వంటిల్లు చల్లబరిచినట్టు.

సిగ్నల్ సంగతి చాలామందికి తట్టదు. టవర్ దూరంగా ఉంటే ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తాది, ఆ అరుపే వేడి. అప్‌డేట్ తర్వాత కొన్నిట్లో నెట్‌వర్క్ మళ్ళీ 5జీకి మారిపోయి ఉంటాది, ఊర్లో 5జీ ఒక గీత వస్తా పోతా ఉంటే ఫోన్ పొద్దస్తమానం వెతుక్కుంటానే ఉంటాది. 4జీ మీద పెట్టి ఒక రోజు చూడండి. రెండో సిమ్ రీఛార్జ్ చేయక చచ్చిపోయి ఉంటే దాన్ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి, మా నాయన ఫోన్ ఈ ఒక్క పనితోనే చల్లబడింది. అట్లే స్క్రీన్ 120 హెర్ట్జ్‌కి, అంటే బొమ్మని సెకనుకి 120 సార్లు మార్చేదానికి, బ్రైట్‌నెస్ ఫుల్‌కి, పర్ఫార్మెన్స్ మోడ్‌కి మారిపోయిందేమో చూసి పాత లెక్కకి తెచ్చుకోండి.

ఇప్పుడు ఆఫ్ అయ్యే రోగం

మోటర్ ఉన్నోళ్ళకి ఇది తొందరగా అర్థమయితాది. లో వోల్టేజీలో బోరు మోటర్ ఆన్ చేస్తే ఏమయితాది, ఒక్కసారిగా కరెంటు లాగతాది, ఇంట్లో లైటు డిమ్ అయితాది, వోల్టేజీ మరీ పడిపోతే స్టార్టర్ కొట్టేస్తాది. కరెంటు లేక కాదు, అంత ఒక్కసారిగా ఇయ్యలేక. ముసలి బ్యాటరీ కూడా అంతే. నిండుగా ఉన్నప్పుడు 4.2 నుంచి 4.4 వోల్టుల దాకా ఉండే బ్యాటరీ వాడేకొద్దీ దిగతా వస్తాది. ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ లోపల అడ్డు పెరుగుతాది, అప్పుడు కెమెరా తెరిచినా, కెమెరా ఫ్లాష్ లైటు వెలిగినా, ప్రాసెసర్ ఒక్కసారి గుంజినా వోల్టేజీ ధబాల్న కిందికి పడతాది, ఫోన్ స్టార్టర్ కొట్టేసినట్టు ఆఫ్ అయితాది. స్క్రీన్ మీద 34 పర్సెంట్ ఉంటాది, అబద్ధం కాదు, ఛార్జ్ ఉంది, దమ్ము లేదు. కొత్త అప్‌డేట్ ప్రాసెసర్‌ని ఎక్కువ గుంజుతాది కాబట్టి నిన్నటిదాకా ఈడ్చుకొచ్చిన బ్యాటరీ ఈరోజు కూలబడతాది.

ఇది నా సొంత కథ కాదు. 2016లో ఐఫోన్ 6ఎస్‌లు ఇట్లే ఆఫ్ అవుతా ఉంటే కొన్నిటికి ఆపిల్ బ్యాటరీలు ఫ్రీగా మార్చింది. 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1 అనే అప్‌డేట్ ఇచ్చి, పాత బ్యాటరీ ఉన్న ఫోన్లల్లో ప్రాసెసర్‌ని మెల్లగా నడిచేటట్టు చేసింది, ఎవరికీ గట్టిగా చెప్పలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో సంగతి బయటపడి ఒప్పుకున్నారు, 2018 మార్చిలో ఐఓఎస్ 11.3లో బ్యాటరీ హెల్త్ చూపిచ్చే పేజీ పెట్టినారు, 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోలు జరిమానా వేసింది. ఇటలీ 2018లోనే ఇట్లాంటి అప్‌డేట్ల గొడవ మీద ఆపిల్, సామ్‌సంగ్ ఇద్దరికీ వేసింది. మొన్నటికి మొన్న 2025 జనవరిలో పిక్సెల్ 4ఏకి, జులైలో పిక్సెల్ 6ఏకి గూగుల్ ఇచ్చిన అప్‌డేట్లయితే వేడి, మంటల భయంతో బ్యాటరీ కెపాసిటీనే తగ్గిచ్చినాయి. అంటే "అంతా మీ భ్రమ, అప్‌డేట్‌కి సంబంధమే లేదు" అని కౌంటర్‌లో ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు. మీ మాడల్ పేరు, అప్‌డేట్ నంబర్ కలిపి కంపెనీ సొంత సైట్‌లో వెతకండి, ఫ్రీ బ్యాటరీ లాంటిది ఏమైనా ప్రకటించి ఉంటే అక్కడ ఉంటాది.

పరీక్ష ఇట్ల చేయండి. చల్లటి పూట, 40 పర్సెంట్ దగ్గర, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి, టార్చ్ వేసి వీడియో రికార్డింగ్ మొదలుపెట్టండి. అయిదు నిమిషాల్లోపల ఆఫ్ అయిందా? ఛార్జర్ తగిలిచ్చి అదే పని మళ్ళీ చేయండి. ఛార్జర్ మీద నిలబడి, లేకుంటే పడిపోతాందంటే బ్యాటరీ పోయినట్టే, ఇంక సాఫ్ట్‌వేర్ మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. ఛార్జర్ మీద ఉన్నా, 80 పర్సెంట్ ఉన్నా, చల్లగా ఉన్నా ఆఫ్ అయితాందంటే తప్పు ఫోన్ లోపలి మదర్‌బోర్డుది గానీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ది గానీ. ఆఫ్ కాకుండా కంపెనీ బొమ్మ వచ్చి మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అయితాందంటే పౌచ్ తీసి పవర్ బటన్ ఇరుక్కుందేమో చూడండి, నవ్వొద్దు, పౌచ్ బిగుతుగా ఉండి బటన్ నొక్కుకోని ఉన్న ఫోన్లు నేనే రెండు చూసినా.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్ చూడండి, 80 పర్సెంట్ కంటే తగ్గి ఉంటే మార్చే టైమొచ్చినట్టు. సామ్‌సంగ్‌లో సామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లో బ్యాటరీ పరీక్ష ఉంటాది, చాలా మాడల్స్‌లో డయలర్‌లో *#0228# కొడితే వోల్టేజీ, టెంపరేచర్ కూడా కనపడతాయి, చూసి బయటికి వచ్చేయండి, అందులో బటన్లు కెలకొద్దు. ఇప్పుడొచ్చే వేరే కంపెనీల ఫోన్లల్లో కూడా చాలావాటికి బ్యాటరీ సెట్టింగ్స్‌లోనే హెల్త్ చూపిస్తాంది.

పర్సెంట్ 40 నుంచి ఒక్కసారి 15కి దూకతా ఉంటే లెక్క తప్పి ఉండొచ్చు. ఒకే ఒక్కసారి 100 దాకా నింపి, దానంతట అదే ఆఫ్ అయ్యేదాకా వాడి, మళ్ళీ ఆపకుండా 100 నింపండి. నెలనెలా చేస్తే బ్యాటరీనే అరుగుతాది.

సాఫ్ట్‌వేర్ అని తేలితే

మొదలు ఇంకో చిన్న అప్‌డేట్ వచ్చిందేమో చూడండి. పెద్ద అప్‌డేట్‌లో తప్పు చేస్తే కంపెనీలు వారం పది రోజుల్లో చిన్నది వదలతారు. 2023లో ఐఫోన్ 15 ప్రో కాలిపోతాందని గోల అయితే ఐఓఎస్‌లో ఒక బగ్, కొన్ని యాప్‌లు కారణమని చెప్పి అక్టోబర్ 4న 17.0.3 ఇచ్చినారు, దాంతో సర్దుకుంది.

తర్వాత సెట్టింగ్స్ మాత్రమే రీసెట్ చేసేది ఒకటి ఉంటాది, ఫోటోలు, మెసేజ్‌లు పోవు, వైఫై పాస్‌వర్డ్‌లు మళ్ళీ కొట్టుకోవాల అంతే. ఇంక క్యాష్ పార్టిషన్ తుడవడం, అంటే సిస్టమ్ తన పనికి దాచుకున్న తాత్కాలిక ఫైళ్ళని తీసేయడం. యూట్యూబ్‌లో చూసి అందరూ రికవరీలోకి, అంటే ఫోన్ మామూలుగా ఆన్ కాకముందు వచ్చే రిపేరు మెనూలోకి, దూరతారు, ఇక్కడ జాగ్రత్త. సామ్‌సంగ్‌లో చాలావాటికి "వైప్ క్యాష్ పార్టిషన్" వేరేగా ఉంటాది, అది డేటాని ముట్టుకోదు, కొత్త వాటిల్లో రికవరీలోకి పోవాలంటే కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలిచ్చి ఉండాల. రెడ్‌మీ, పోకోల రికవరీలో ఆ క్యాష్ మాట ఉండదు, "వైప్ డేటా" అని ఉంటాది, అది నొక్కితే మొత్తం ఊడ్చేస్తాది. రెండూ ఒకటే అనుకోని నొక్కినోళ్ళు ఉన్నారు.

ఫ్యాక్టరీ రీసెట్ చిట్టచివర. చేసినాక ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్‌లన్నీ మళ్ళీ సిమ్ నుంచి మెసేజ్ పంపి రిజిస్టర్ చేసుకోవాల, అంగడి పెట్టుకున్నోళ్ళు ఆదివారం రాత్రి చేసుకోండి, సంత రోజు పొద్దున కాదు. రీసెట్ అయినాక యాప్‌లన్నీ ఒకేసారి ఎక్కియ్యకుండా ఒక రోజు ఖాళీగా వాడి చూడండి, అప్పుడే తెలుస్తాది.

పాత వెర్షన్‌కి వెనక్కి పోదామంటే చాలా ఫోన్లల్లో కుదరదు, కుదిరినా డేటా మొత్తం పోతాది, కొన్నిట్లో వెనక్కి పోకుండా తాళం ఉంటాది, బలవంతంగా పాతది ఎక్కిస్తే ఫోన్ ఆన్ కూడా కాదు. 800కి ఫ్లాష్ అనేవాడు ఇది మీకు చెప్పడు.

అంగడికి పోయేటప్పుడు

వారంటీ ఉంటే ప్రైవేట్ అంగళ్ళ పక్కకే చూడొద్దు, ఒకసారి వేరేవాళ్ళు విప్పితే వారంటీ లేదంటారు. బిల్లు తీసుకోని సర్వీస్ సెంటర్‌కి పోండి, ఫోన్ తీసుకున్నట్టు వాళ్ళు రాసిచ్చే జాబ్ షీట్‌లో "అప్‌డేట్ తర్వాత వేడెక్కుతాంది, ఆఫ్ అయితాంది" అని వాళ్ళ చేత రాపిచ్చండి, "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోవద్దు. మీరు రాసుకున్న ఆ నాలుగు ముక్కల కాగితం అక్కడ చూపిస్తే మాట్లాడే తీరే మారిపోతాది, నేను చూసినా. ఫోన్ ఇచ్చే ముందు సిమ్ తీసేయండి, లాక్ నంబర్ చెప్పొద్దు, సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్ వేసి ఇస్తే మీ ఫోటోలు వాళ్ళకి కనపడవు.

వారంటీ లేక బయట బ్యాటరీ మార్పించేదైతే కడప వైవీ స్ట్రీట్‌లో అయినా ఇంకెక్కడైనా సరే, కళ్ళ ముందరే మార్చమనండి. బ్యాటరీ మీద తయారైన తేదీ చూడండి, ఏళ్ళ తరబడి డబ్బాలో పడున్నది కొత్తదైనా ముసలిదే. కాపీ బ్యాటరీ సగం ధరకి వస్తాది, మన ఎండలకి ఆ సగం ధర బేరం నాకైతే నచ్చదు. ఇంకొకటి, వెనక అద్దం ఒకసారి విప్పినాక నీళ్ళకి తట్టుకునే సీలు మునుపటి మాదిరి ఉంటాదని అనుకోవద్దు.

వారంటీలో ఉండి కూడా తిప్పుకుంటా ఉంటే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అప్పటికీ కదలకపోతే కడపలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండాది, కొన్న వస్తువు ధర 5 లక్షల లోపల ఉంటే ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్ళ లోపల వేయాల, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చోని కూడా వేయొచ్చు. బిల్లు, జాబ్ షీట్ లేకుంటే మాత్రం ఏం చేయలేరు.

మళ్ళీ అప్‌డేట్ వస్తే

నేనైతే పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు పది రోజులు ఆగి, నా మాడల్ వాళ్ళు ఏమంటున్నారో చూసి అప్పుడు కొడతా. చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఆపను, బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్ కదా. రాత్రి తొమ్మిది దాటినాక, ఛార్జ్ సగం కంటే ఎక్కువ ఉన్నప్పుడు, జాగా ఖాళీ చేసి, పౌచ్ తీసి. మే నెల మధ్యాన్నం రెండింటికి ఎప్పుడూ కొట్టను, ఇంట్లో పెళ్ళి ఉన్న వారం అసలే కొట్టను.

మా బావ ఫోన్ సంగతి చెప్పలేదు కదా. మూడేళ్ళ ఫోన్, టార్చ్ పరీక్షలో రెండో నిమిషంలోనే ఆఫ్ అయింది, ఛార్జర్ మీద పెడితే నిక్షేపంగా నిలబడింది. వేడికి వేరే కారణం, అంగట్లో క్యూఆర్ బోర్డు పక్కన అద్దాల బల్ల మీద పెడతాడు, మధ్యాన్నం అక్కడికి నేరుగా ఎండ కొడతాది. బ్యాటరీ మార్పిస్తే 1,400 అయింది, ఫోన్ పెట్టే జాగా మార్చినాం, ఫ్లాష్ ఏమీ కొట్టలేదు, అదే అప్‌డేట్ మీద ఇప్పటికీ నడుస్తాంది. పాత బ్యాటరీ కొంచెం ఉబ్బి ఉండాది, అట్లాంటిది చెత్తలో వేయకూడదు, పొరపాటున గుచ్చుకున్నా మంటే, అందుకని ఒక పాత హార్లిక్స్ డబ్బాలో ఇసుక పోసి అందులో పెట్టి, మూత బిగించకుండా, పెరట్లో ఎండ తగలని మూల పెట్టినాను, సర్వీస్ సెంటర్ పక్కకి పోయినప్పుడు వాళ్ళ ఈ-వేస్ట్ డబ్బాలో వేద్దామని. ఆ పోవడం ఇంకా కుదరలేదు. మా అక్క వారానికొకసారి "ఆ ఇసుక డబ్బా పారేస్తాండా" అంటాది, బావ "ముట్టుకోవాకు" అని అరుస్తాడు.